నోరు మూసుకుని కొనవలసిన ఇల్లు

ఆ ఇంట్లో ఒక నిలువుటద్దం గోడకి మొహం తిప్పుకుని నిలబడి ఉండేది, క్లాసులో అల్లరి చేసిన పిల్లాడిలాగా. దానికి ఆసుపత్రి ముద్ర ఉన్న పాత దుప్పటి చుట్టి, నైలాను తాడు బిగించి, బీరువా పక్కన ఆనించారు. ఏళ్లు గడిచాయి. ఇళ్లు మారాయి, వీధులు మారాయి, ఆ తాడు ముడి మాత్రం ఎవరూ విప్పలేదు. ఏ ఇంటి ఓనరైనా తాళం చేతిలో పెడుతూ చెప్పే మొదటి మాట ఒకటే: "గోడకి మేకు కొట్టకూడదు."

అద్దం ఇల్లాలిది. ఆవిడ పెద్దాసుపత్రి లాండ్రీలో హెడ్డు. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఆవిరిలో, రోగుల దుప్పట్ల మధ్య, తన మొహం తనకి కనబడని చోట పని. పనిలో చేరిన కొత్తలో మొదటి జీతం పెట్టి ఆ అద్దం కొనుక్కుంది. చేతిలో పట్టే అద్దంలో ముక్కు చూస్తే చెవి కనబడదనీ, మనిషన్నాక తల నుంచి పాదాల దాకా తనని తాను ఒక్కసారైనా చూసుకోవాలనీ ఆవిడ వాదన. న్యాయమైన వాదనే. మొగుడు కూడా ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నవాడే ఆ అద్దానికి గోడ లేకుండా చేశాడు.

మొగుణ్ణి అందరూ డిమాండ్లు అంటారు. అమ్మా నాన్నా పెట్టిన పేరు ఇంకోటుందిగానీ, అది జీతం ఇచ్చేచోట తప్ప ఎక్కడా వినబడదు. ప్రింటింగ్ ప్రెస్సులో ఆఫ్‌సెట్ మిషను నడుపుతాడు. బడి మధ్యలో మానేసి, తన మిషను మీద ఏది పడితే అది చదివే చదువుకున్నాడు. కాబట్టి ఆయన చదువులో కొంత కోర్టు నోటీసు ఉంది, కొంత నీళ్ల మోటారు వాడే విధానం ఉంది, దగ్గుమందు సీసా మీది హెచ్చరిక కూడా ఉంది. లోకంలో ప్రతి విషయం సగం తెలుసు. ఆ సగాన్ని రెట్టింపు గొంతుతో చెబుతాడు.

ఆ గొంతే ఇళ్లు మార్పించింది. ఒక ఓనరుతో నీళ్ల వేళల గురించి పడింది. ఇంకొకాయనతో కరెంటు మీటరు గురించి. మరో ఇంట్లో మెట్ల మీద బల్బు లేదని అన్ని వాటాలవాళ్లనీ కూడగట్టి ఓనరు గుమ్మం ముందు కూర్చోబెట్టాడు. బల్బు వచ్చింది. ఆ బల్బు వెలుగులోనే వీళ్లు సామాన్లు కిందికి దించుకున్నారు.

పెళ్లైన కొత్తలో ఆలుమగలు సమానం అని ఆయనే పట్టుబట్టి, ఆవిడ చేత 'ఏమండీ' మాన్పించి 'నువ్వు' అనిపించుకున్నాడు. ఆ విజయానికి ఆయన చింతించని రోజు లేదు.

"ఇదుగో, నీకే చెప్పేది," అంది ఆవిడ ఒకనాడు, కొత్త ఓనరు గోడలు తడిమి చూసుకుని కిందికి దిగి వెళ్లాక. "ఊరందరికీ సౌకర్యాలు తెచ్చిపెట్టావు. నాకు ఒక్క గోడ తెచ్చిపెట్టు. నా గోడ. పగలగొట్టుకుంటానో, మేకులు దిగ్గొట్టుకుంటానో నా ఇష్టం. ఇది నా డిమాండు."

జీవితంలో మొదటిసారి ఒక డిమాండు ఆయన వైపుకి నడిచి వచ్చింది. ఇటు వైపు నిలబడితే ఎలా ఉంటుందో అప్పటిదాకా ఆయనకి తెలీదు.

"పరిశీలిస్తాం," అన్నాడు.

"ఆ ముక్క ఓనర్లు అంటారు. నువ్వు తేదీ చెప్పు."

సరే. ఆయన రంగంలోకి దిగాడు. ముందుచూపు ముఖ్యం అన్నాడు. రంగులు చెదిరి పక్కన పడేసిన ఊరి మ్యాపు ఒకటి ప్రెస్సు నుంచి తెచ్చి నేల మీద పరిచాడు. ఊరు ఎటు పెరుగుతోందో తనకంటే బాగా ఎవరికీ తెలీదన్నాడు. అందులో అబద్ధం లేదు. ఇళ్లూ స్థలాలూ అమ్మేవాళ్ల బ్రోచర్లన్నీ ఆయన మిషను మీదనుంచే వెళ్లాలి. ఈ మధ్య అన్నీ పడమటి వైపువే వస్తున్నాయి.

ఆ వైపు ఇళ్లు చూపించడానికి ఆవిడ తమ్ముడు ఉండనే ఉన్నాడు. ఇళ్ల బ్రోకరు. రెండు చెవులకి రెండు ఫోన్లు, మాట్లాడటానికి మాత్రం ఒక్క నోరు. దానికి తీరిక ఉండదు. అక్కనీ బావనీ తీసుకెళ్లి పడమటి కాలనీ చూపించాడు. విశాలమైన రోడ్లు, పచ్చి సిమెంటు వాసన, సగం ఇళ్లలో మనుషులు, సగం ఇళ్లలో ఇటుకలు. రెండు గదులు, వంటగది, చిన్న వరండా. ఆవిడ పడకగదిలోకి వెళ్లి కిటికీకి ఎదురుగా ఉన్న గోడని అరచేత్తో ఒకసారి తట్టి చూసింది. నచ్చిందని ఆ చప్పుడులోనే తెలిసిపోయింది.

"బస్సేదిరా?" అంది తమ్ముణ్ణి.

"వస్తుందక్కా. ఇవాళ కాకపోతే రేపు."

"నాది పొద్దున షిఫ్టు. రేపు వచ్చే బస్సు ఇవాళ ఎలా ఎక్కనురా?"

బావమరిది ఆయన్ని పక్కకి లాగాడు. "బావా, నా మాట విను. బస్సు లేదు కాబట్టే ఈ ధర. కళ్లు మూసుకుని ముందు కొనెయ్. తర్వాత నీ ఇష్టం, విమానం తెప్పించుకో."

ఆయనకి ఒళ్లు మండింది. "ఒరేయ్, జనం కష్టం మీద లాభం చూసుకునే బుద్ధి నీది. ముందు బస్సు, తర్వాత ఇల్లు. ప్రణాళిక అంటే అదీ."

బావమరిది తెల్లమొహం వేశాడు. బేరం తెలిసినవాడు అంతకంటే ఏం చేస్తాడు?

ఇక చూడండి ఆయన జోరు. ఆ కాలనీలో ఆయనకి ఇటుక ముక్క కూడా లేదు, అయినా కాలనీవాసుల సంఘం పెట్టాడు. ప్రెస్సులో అంచులు కత్తిరించగా మిగిలిన కాగితాల మీద కరపత్రాలు అచ్చేశాడు. ప్రతి ఆదివారం ఏదో ఒక ఇంటి వరండాలో నిలబడి గొంతు చించుకున్నాడు. బస్సు ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగాడు. అక్కడి గుమాస్తా ఈయన్ని దూరం నుంచి చూసి భోజనం డబ్బా ముందే తెరిచేసేవాడు. అంత పేరు సంపాదించాడు. చివరికి, వీణ్ణి భరించడం కన్నా బస్సు వేయడం తేలిక అనుకున్నారో ఏమో, బస్సు వేశారు.

మొదటి బస్సులో ముందు సీటు ఆయనకే ఇచ్చారు. దిగిన వెంటనే అందరూ చప్పట్లు కొట్టారు. పక్కన భార్య కూడా కొట్టింది. ఆ పూట ఆయన ఎంత వెడల్పుగా నడిచాడంటే, ఇంటికెళ్లేసరికి చొక్కా గుండీ ఒకటి ఊడింది.

మరుసటి వారం ప్రెస్సులో కొత్త పని వచ్చింది. మంచి మందమైన కాగితం, నాలుగు రంగులు. ఆయన ప్లేట్లు ఎక్కించి, సిరా చూసుకుని, మొదటి షీటు లాగి వెలుతురు కింద పెట్టుకున్నాడు. రంగులు సరిగ్గా కూర్చున్నాయా లేదా అని భూతద్దం పెట్టి చూస్తున్నాడు. భూతద్దం కింద చిన్న బస్సు బొమ్మ వచ్చింది. దాని పక్కన పెద్ద అక్షరాలు: 'ఇంటి ముందే బస్సు!' భూతద్దం కొంచెం కిందికి జరిపాడు. ధర వచ్చింది.

ఆయన భూతద్దం తుడుచుకుని మళ్లీ చూశాడు. అద్దాన్ని ఎంత తుడిచినా అంకె అరగలేదు. అది ఆయన కూడబెట్టినదాన్నీ, ఆయన చేయగలిగిన అప్పునీ ఒక్క గంతులో దాటి అవతల నిలబడి ఉంది. ఆ బస్సుకి రంగు పూసిందెవరు? తనే. పోనీ మిషను ఆపేద్దామంటే అది పని. పైగా పసుపు ఒక వెంట్రుకవాసి పక్కకి జరిగి ఉంది. చూస్తూ ఊరుకోలేక సరిచేశాడు. తన నెత్తిన పడే దెబ్బని కూడా అంత నున్నగా అచ్చేశాడు మహానుభావుడు.

సాయంత్రం బ్రోచరు భార్య చేతిలో పెట్టి, మంచం అంచు మీద కూర్చున్నాడు. ఆవిడ చదివింది. అరుస్తుందనుకున్నాడు. అరవలేదు. కాసేపటికి నవ్వడం మొదలుపెట్టింది. అది ఇంకా ఘోరం.

"అంటే ఏమయ్యా, ఆ ఇల్లు మనకి అందకుండా నువ్వే బస్సెక్కించి పంపేశావన్నమాట."

ఆయన బ్రోచరు వెనక్కి తీసుకుని మడతలు పెట్టడం మొదలుపెట్టాడు.

పక్కనే ఉన్న తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. "బావా, తప్పు నీది కాదు, నీ గొంతుది. ఇంకో చోటుంది. ఆ కాలనీకి కూడా అవతల, మురుగు కాలవ దాటాక. వరస ఇళ్లు. చవక. ఎందుకు చవకంటే, కాలవ మీద కల్వర్టు లేదు. రెండు పాత కరెంటు స్తంభాలు అడ్డంగా పడేశారు, వాటి మీదే నడక. కార్లలో వచ్చేవాళ్లు దిగి, స్తంభాలు చూసి, మళ్లీ ఎక్కి వెళ్లిపోతున్నారు. మనలాంటి వాళ్లకి అదే అదను."

"కల్వర్టు లేకపోతే ఎలారా? అది బిల్డరు బాధ్యత. అడగాలి, నిలదీ..."

ఇల్లాలు లేచి వచ్చి ఆయన నోటి మీద అరచెయ్యి పెట్టింది. మెత్తగానే పెట్టింది. తియ్యలేదు.

"బస్సు స్టాపు నుంచి నేను నడుస్తాను. స్తంభాల మీద దాటతాను. ఇల్లు నా పేరున బుక్ చేద్దాం, నీ పేరు చూస్తే వాళ్లు భయపడతారు. రిజిస్ట్రేషను అయ్యేదాకా అక్కడ నీ నోట్లోంచి ఒక్క మాట రాకూడదు. అయిన మర్నాడు నువ్వు ఆ కాలవలో నిలబడి అరువు, నేనే మంచినీళ్లు అందిస్తా. ఒప్పుకుంటే తలూపు."

ఆయన తలూపాడు. నోటి మీద చెయ్యి ఉండగా అంతకన్నా మార్గం లేదు.

అడ్వాన్సు కట్టారు. ఇల్లు వరసలో చివరిది. గోడలు లేచాయి, పైకప్పు పడింది, వీధి తలుపు ఇంకా బిగించలేదు. ప్లాస్టిక్ కవరులోనే లోపలి గోడకి ఆనించి ఉంది. మంచి కర్ర, బరువైన తలుపు. ఇల్లాలు వెళ్లిన ప్రతిసారీ కవరు అంచు కొంచెం తొలగించి కర్రని నిమిరి వచ్చేది.

ఆయన కష్టం ఆయనకే తెలుసు. వారం వారం భార్యతో పాటు ఇల్లు చూడ్డానికి వెళ్లాలి, నోరు మూసుకుని రావాలి. కాలవ దగ్గరికి రాగానే నాలుక దురద పెట్టేది. స్తంభాలు రెండిటికీ నడుమ కాలు దూరేంత సందు. పిల్లలు పుస్తకాల సంచులతో ఒకరి వెనక ఒకరు దాటుతుంటారు. నీళ్ల డబ్బా మోసేవాడు అడుగడుగుకీ ఏదో గొణుక్కుంటూ దాటుతాడు. ఈయన పెదాలు బిగించి ఆకాశం చూసేవాడు. ఆ వైపు ఆకాశంలో ఎన్ని కరెంటు తీగలున్నాయో ఆయనకి కంఠతా వచ్చేసింది.

ఆ వరసలో ముందే దిగిన కుటుంబాలు కొన్ని ఉన్నాయి. అందులో బేకరీలో పనిచేసే ఆవిడ ఒకతె. చీకటితో లేచి పనికి వెళ్లాలి, కాబట్టి ఫోను లైటు పళ్లతో కరుచుకుని స్తంభాలు దాటుతుంది. ఒక ఆదివారం ఆవిడ ఈయన్ని నిలేసింది.

"అన్నగారూ, ఒక్క నిమిషం. మిమ్మల్నెక్కడో చూశాను. పడమటి కాలనీకి బస్సు తెచ్చినాయన మీరే కదూ?"

పక్కన భార్య చెప్పు కొనతో ఆయన పాదం తొక్కింది.

"కాదమ్మా," అన్నాడు. అక్కడితో ఆగుంటే బావుండేది. కానీ సగం మాటతో ఆగే అలవాటు ఆయనకి పుట్టుకతోనే లేదు. "ఆయన మా అన్నయ్య."

"అదీ సంగతి! మొహం అలాగే ఉంది," అంది బేకరీ ఆవిడ సంబరంగా. "మగాడంటే మీ అన్నయ్యండీ. ఒక్కసారి ఆయన్ని ఇటు తీసుకురండి. మా కష్టం చూపిస్తాం. ఆయనకి చెబితే చాలు, కల్వర్టు పడిపోద్ది."

"చెప్తానమ్మా."

"మరిచిపోకండి. మీకేమో ఇలాంటివి పట్టినట్టు లేవు, పాపం నెమ్మదస్తులు."

నెమ్మదస్తులు! ఆయన్ని పుట్టి బుద్ధెరిగాక ఎవరూ ఆ మాట అనలేదు. ఇంటికి వచ్చేదాకా బస్సులో ఆయన ఆ మాటనే నములుతూ కూర్చున్నాడు. భార్య మాత్రం కిటికీ వైపు తిరిగి భుజాలు ఊగేలా నవ్వింది.

"మీ అన్నయ్య ఎలా ఉన్నాడు?" అంది దిగాక.

"నోర్ముయ్."

"నేనెందుకు మూస్తాను? అది నీ వంతు."

ఆ తర్వాత నుంచీ ఆ అన్నయ్య వాళ్ల నెత్తిన కూర్చున్నాడు. వెళ్లిన ప్రతిసారీ బేకరీ ఆవిడ ఎదురయ్యేది. అన్నయ్య ఎప్పుడొస్తారు? జ్వరమమ్మా. తగ్గిందా? ఊళ్లో లేడమ్మా. వచ్చారా? ఆయన ఒక్కొక్క అబద్ధం కడుతూ పోయాడు, బిల్డరు కట్టే గోడల కన్నా వేగంగా. బేకరీ ఆవిడ మామగారు, చేతికర్రతో నడిచే పెద్దాయన, ఒకసారి ఇంట్లోంచి కుర్చీ తెప్పించి మరీ వేయించాడు, అన్నయ్య వస్తే కూర్చోడానికని. ఆ కుర్చీలో ఈ నెమ్మదస్తుడైన 'తమ్ముడే' కూర్చుని టీ తాగి వచ్చాడు.

టీ తాగడం పెద్ద విషయం కాదు. టీ తాగుతూ ఆయన మనసులో అనుకున్న మాట పెద్ద విషయం. కల్వర్టు ఇప్పుడే రాకపోతే బావుండు, అనుకున్నాడు. రిజిస్ట్రేషను దాకా ఇలాగే ఉంటే చాలు. ఆ మాట లోపల వినబడగానే ఆయనే ఉలిక్కిపడ్డాడు. గొంతు తనదే, మాట మాత్రం ఇంటి ఓనరుది. ఇంకా ఇల్లు చేతికి రానేలేదు, అప్పుడే ఓనరైపోయాడు మనిషి.

రిజిస్ట్రేషను ఇంకో వారం ఉందనగా, ఆదివారం పొద్దున, రాత్రంతా వాన పడి వెలిసింది. వీళ్లిద్దరూ చివరింటి వరండాలో నిలబడి, పడకగదికి ఏ రంగు వేయించాలో మాట్లాడుకుంటున్నారు. కాలవ వైపు నుంచి కేక వినబడింది. ఇద్దరూ పరుగెత్తారు.

పెద్దాయన స్తంభాల మధ్య సందులో కాలు జారి కింద పడ్డాడు. చేతికర్ర బురదలో నిలువుగా గుచ్చుకుని ఉంది. నీళ్ల డబ్బాలవాడూ, డిమాండ్లూ కాలవలోకి దిగి, ఆయన్ని మెల్లగా ఎత్తి ఇళ్ల వైపు గట్టు మీదికి చేర్చారు. తుంటి దగ్గర ముట్టుకుంటే ఆయన అరుస్తున్నాడు. ఇల్లాలు ఫోను చేసి తన ఆసుపత్రి నుంచే అంబులెన్సు పిలిపించింది. అది వచ్చి అవతలి గట్టున ఆగింది. ఇద్దరు కుర్రాళ్లు చక్రాల స్ట్రెచరు దించి, స్తంభాల దాకా తోసుకొచ్చి, చక్రాలూ సందూ మార్చి మార్చి చూశారు.

"దీని మీద దాటించలేమండి. చక్రం సందులో పడుద్ది. చేతులతో మోస్తే మేం కూడా జారతాం, పెద్దాయన్ని రెండోసారి పడేస్తాం."

బేకరీ ఆవిడ మామగారి తల ఒళ్లో పెట్టుకుని, కళ్లెత్తి డిమాండ్లని చూసింది. "మీ అన్నయ్యకి ఫోన్ చెయ్యండి. ఇప్పుడన్నా రమ్మనండి."

ఆయన నోరు తెరిచి, అలవాటు కొద్దీ మూసి, భార్య వైపు చూశాడు.

ఇల్లాలు స్తంభాల కేసి, స్ట్రెచరు కేసి చూసింది. ఆసుపత్రి వరండాల్లో స్ట్రెచర్లు ఎన్ని చూసిందో. ఏ గుమ్మంలో ఏది పడుతుందో చూపుతోనే కొలవగలదు. తర్వాత వెనక్కి తిరిగి వరసలో చివరింటిని చూసింది. ఆ చూపు ఒక్క క్షణం అక్కడే ఆగింది.

"మన తలుపు పట్రా," అంది.

"ఏ తలుపు?"

"మనకి ఎన్ని తలుపులేడ్చాయి? వీధి తలుపు! ఇంకా నోరు మూసుకుని నిలబడతావేమయ్యా? అరిచి మనుషుల్ని పిలువు!"

అంతే. బిరడా లాగినట్టయింది. ఆయన వేసిన కేకకి వరసలోని ఇళ్లన్నీ బయటికొచ్చాయి. నలుగురు కలిసి తలుపు మోసుకొచ్చి స్తంభాల మీద వెల్లకిలా పరిచారు. కాలవకి జానెడు తక్కువైంది. ఆ జానెడూ ఇటుకలు పేర్చారు. స్ట్రెచరు ఇటు దాటింది. పెద్దాయన్ని ఎక్కించాక నున్నటి కొత్త కర్ర మీద, ప్లాస్టిక్ కవరు కరకరలాడుతుండగా, అటు దాటింది. బేకరీ ఆవిడ అంబులెన్సు ఎక్కబోతూ ఆగి, మళ్లీ ఆయన్నే చూసింది.

"అన్నయ్య లేడమ్మా," అన్నాడు ఆయన. మోకాళ్ల దాకా బురద. "ఆ బస్సు నేనే తెచ్చాను."

"మరి ఇన్నాళ్లూ?"

"ఇన్నాళ్లూ ఇల్లు కొనుక్కుంటున్నాను."

ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే ఆయనకి ఆ రోజు అన్నం సయించేది. తల ఒకసారి అడ్డంగా ఊపి, ఎక్కి వెళ్లిపోయింది.

అంబులెన్సు మలుపు తిరగక ముందే బిల్డరు సేల్సు ఆఫీసులోంచి మేనేజరు ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. "కంపెనీ తలుపండీ అది. ఎవరు తీయమన్నారు? వెంటనే లోపల పెట్టించండి."

డిమాండ్లు వెళ్లి తలుపు మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. "కల్వర్టు వేసి తలుపు తీసుకెళ్లు."

"సార్, మీరు మా కస్టమరు. వచ్చే వారం మీ రిజిస్ట్రేషను."

"తెలుసు."

"ఇటొచ్చి కస్టమరుగా మాట్లాడండి, అన్నీ చూసుకుందాం. అక్కడ కూర్చుంటే మాత్రం..."

"మాత్రం?"

"మీరే ఆలోచించుకోండి."

ఆయన ఆలోచించలేదు. ఆలోచిస్తే లేచి వస్తాడేమోనని ఆయనకే భయం. భార్య వైపు చూశాడు. ఆవిడ చెప్పులు విప్పి గట్టున పెట్టి, తలుపు మీదికి వచ్చి, "జరుగు," అని పక్కన కూర్చుంది. తర్వాత వరసంతా వచ్చి చుట్టూ కూర్చుంది.

అది ఆదివారం, ఇళ్లు చూడ్డానికి జనం వచ్చే రోజు. కార్లు అవతలి గట్టున వచ్చి ఆగుతున్నాయి. జనం దిగుతున్నారు, కూర్చున్నవాళ్లని అడుగుతున్నారు. కూర్చున్నవాళ్లు చెబుతున్నారు, బురదలో గుచ్చుకున్న చేతికర్ర చూపించి మరీ. జనం మళ్లీ కార్లెక్కుతున్నారు. బావమరిది కూడా ఇద్దరు కస్టమర్లని వెంటబెట్టుకుని వచ్చి, తలుపు మీద అక్కనీ బావనీ చూసి, వచ్చినదారినే తిరిగాడు. తర్వాతి ఆదివారం కూడా అదే వరస. సేల్సు ఆఫీసులో ఏసీ చప్పుడు తప్ప బేరం చప్పుడు లేదు. ఆ వారమే గొట్టాలూ కంకరా దిగాయి. కల్వర్టు పడింది.

ఈలోగా ఉత్తరం ఒకటి వచ్చింది. మీ బుకింగు రద్దు చేశాం అని రాశారు. అడ్వాన్సు వెనక్కి ఇచ్చారు, పాడైన తలుపు ఖరీదు మినహాయించుకుని.

కల్వర్టు తెరిచాక ప్రెస్సుకి ఇంకో బ్రోచరు వచ్చింది. నాలుగు రంగులు, మందమైన కాగితం, 'విశాలమైన కల్వర్టు, కారు నేరుగా మీ గుమ్మంలోకి!' ఆయన భూతద్దం ధర మీదికి పోనివ్వలేదు. పోనివ్వకుండానే తెలుసు. ఈసారి నీలం కొంచెం జరిగింది. సరిచేశాడు. పని తెలిసిన పొగరు దేనికైనా పనికిరావాలి కదా.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర బావమరిది మొదలుపెట్టాడు. "బావా, ఇంకో చోటు ఉంది. ఇంకా అవతల. అక్కడ కరెంటే లేదు..."

"నువ్వు తిను ముందు," అంది అక్క. తర్వాత మొగుడి వైపు తిరిగింది. ఆయన తల కంచంలోనే ఉంది. ఆ ఉత్తరం వచ్చినప్పటి నుంచీ ఆయన ఇంట్లో గట్టిగా దగ్గడానికి కూడా జంకుతున్నాడు.

"తలుపు ఖరీదు కోసుకున్నారు కదా?"

"ఊఁ."

"కోసుకున్నారంటే మనకి అమ్మినట్టే కదా?"

ఆయన తలెత్తాడు. కోర్టు నోటీసులు అన్నేళ్లు అచ్చేసినవాడికి ఆ మాట తట్టలేదు. దుప్పట్లు ఉతికించే ఆవిడకి తట్టింది.

"అయితే వెళ్లి పట్రండి. మన తలుపు అక్కడెందుకు?"

బావమరిది ఎవరిదో చిన్న ట్రక్కు అడిగి తెచ్చాడు. తలుపు కల్వర్టు పక్కన గడ్డిలో పడి ఉంది. బేకరీ ఆవిడే చూపించింది. మామగారు మంచం మీద లేచి కూర్చుంటున్నారని చెప్పింది. "మీ అన్నయ్యని అడిగానని చెప్పండి," అంది మొహం బిగించుకుని. ట్రక్కు కదిలాక ఆవిడ నవ్విందో లేదో ఆయన తిరిగి చూడలేకపోయాడు.

బావా బావమరుదులిద్దరూ ఆ తలుపుని అద్దెంటి మెట్లన్నీ మోసి, గదిలో గోడకి ఆనించేసరికి రొప్పు పట్టుకుంది. ఒక పక్క స్ట్రెచరు చక్రాల గీతలు, ఇంకో పక్క ఎంతమంది కూర్చున్నారో అంత నునుపు. ఇల్లాలు తడిగుడ్డతో తుడిచింది. తర్వాత బీరువా పక్కకి వెళ్లి నైలాను తాడు ముడి విప్పడానికి చూసింది. ఎన్నేళ్ల ముడో, రాలేదు. కత్తితో కోసేసింది.

దుప్పటి జారగానే గదిలో ఇంకో గది పుట్టినట్టయింది.

"దీని మీద బిగించండి," అంది తలుపు చూపించి.

అప్పుడర్థమైంది ఆయనకి. తలుపు మీద. గోడ ఎవడిదైనా కానీ, తలుపు ఆవిడది. ఎన్ని ఇళ్లు మారితే అన్ని ఇళ్లకీ అద్దంతో సహా మోసుకుపోవచ్చు. ఆ ఆలోచనకి ఆయన ఒళ్లు పులకరించింది. లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. "అసలు దీన్నిబట్టి మనం గ్రహించాల్సిందేమిటంటే..."

ఆవిడ స్క్రూడ్రైవరు ఆయన చేతిలో పెట్టింది. "గ్రహించాం. బిగించు."

నాలుగు మూలలా క్లిప్పులు పెట్టి, ముందు మేకుతో గుర్తు కొట్టాల్సి వచ్చింది. సుత్తి దెబ్బ రెండోది పడిందో లేదో, మెట్ల మీద చెప్పుల చప్పుడు. ఓనరు గుమ్మంలోకి వచ్చేశాడు, ఆయాసపడుతూ.

"మేకులా? గోడకి మేకులా? నేను ముందే చెప్పానా లేదా?"

డిమాండ్లు నోరు తెరిచాడు. ఇల్లాలు చెయ్యి అడ్డం పెట్టి తనే ముందుకొచ్చింది.

"గోడ మీదేనండీ. ముట్టుకోలేదు, చూసుకోండి. తలుపు మాది."

"తలుపా? ఏ తలుపు?"

"మా ఇంటి తలుపు."

"మీకు ఇల్లెక్కడుంది?"

"కొంటున్నాం. తలుపుతో మొదలుపెట్టాం."

ఓనరు తలుపునీ, దాని వెనక చెక్కుచెదరని తన గోడనీ చూశాడు. చేత్తో తడిమాడు కూడా. గొణుక్కుంటూ కిందికి దిగిపోయాడు.

చివరి స్క్రూ బిగిసింది. ఇల్లాలు వెనక్కి నడిచి, గది అవతలి గోడకి వీపు ఆనేదాకా వెళ్లి నిలబడింది. తల నుంచి పాదాల దాకా చూసుకుంది. తీరిగ్గా, ఎవరో బంధువు చాలా ఏళ్ల తర్వాత వచ్చినట్టు.

అద్దంలో ఆవిడ వెనకాల స్క్రూడ్రైవరు పట్టుకుని ఒక మనిషి నిలబడి ఉన్నాడు. గోళ్ల కింద నీలం సిరా. గుండీ ఊడిన చొక్కా. అన్నయ్యో తమ్ముడో పోల్చుకోవడానికి ఆయనకి కాసేపు పట్టింది.

"బావా, ఆ కరెంటు లేని చోటు..." అన్నాడు బావమరిది మళ్లీ.

"ఎంత దూరం?" అంది ఇల్లాలు అద్దంలోంచి కళ్లు తిప్పకుండానే. "ముందు ఈయన లేకుండా నువ్వూ నేనూ వెళ్లొద్దాం."